వీణలో లోపం లేదని రాశాను

కొత్తగా సంగీతం పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన పిల్లలు కొందరు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. తార్నాకలో మెట్రో దిగితే ఐదు నిమిషాల నడక. కాఫీ తాగుతూ ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, "మేడం, మీ శిష్యుల్లో మిమ్మల్ని మించినవాళ్లు ఉన్నారా?" అని. "మించిపోవాలనే కదా నేర్పేది" అంటాను పెద్దరికంగా. వాళ్లు మురిసిపోయి వెళ్తారు. లిఫ్టు తలుపు మూసుకోగానే నా మీద నాకే విసుగు పుడుతుంది. ఎందుకంటే అది పచ్చి అబద్ధం.

మించిపోతున్న పిల్లను చూసి నేను మురిసిపోలేదు. కళ్లలో నిప్పులు పోసుకున్నాను. ఆ కుళ్లుతో ఒక కాగితం మీద సంతకం పెట్టాను. ఆ కాగితం సంగతే ఇప్పుడు చెబుతున్నాను. రేపోమాపో మీరూ ఇలాంటి కాగితాల మీద సంతకాలు పెట్టాల్సినవాళ్లే కాబట్టి, చదివాక నన్ను నాలుగు తిట్టుకున్నా ఫరవాలేదు.

విశ్వవిద్యాలయం సంగీత విభాగంలో ఇరవై ఆరేళ్లు వీణ నేర్పాను. క్యాంపస్‌లో మా విభాగం ఉన్నది పాత రాతి భవనంలో. గోడలు అడుగున్నర మందం. బయట ఎండ పెళ్లుమంటున్నా లోపల గచ్చు చల్లగా తగిలేది. ఈ చల్లదనాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనితో పని ఉంది.

విభాగానికి ఐదు వీణలు. నాలుగు క్లాసులో పిల్లలందరి చేతుల్లో పడి నలిగేవి, పరీక్షకు పనికొచ్చేవి కావు. ఐదోది బొబ్బిలి వీణ. ఒకే పనస దుంగలో తొలిచిన పాత వీణ. అది నా గదిలో, బీరువా పక్కన, పట్టుగుడ్డ కప్పుకుని ఉండేది. గది తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో ఉండేది. చట్టప్రకారం అది విశ్వవిద్యాలయం ఆస్తి. కానీ అటెండరు మొదలు అందరూ "మేడం వీణ" అనేవాళ్లు, నేను కాదనేదాన్ని కాదు. నా కచేరీలన్నీ దాని మీదే చేశాను. వాద్యాల బాధ్యత కూడా నాదే. ఏ విద్యార్థికి ఏది ఇవ్వాలో, ఎవరి వాద్యం మార్చాలో నేను చూసి రాస్తేనే ఏదైనా కదిలేది.

ఆ పిల్ల మాణికేశ్వర్ నగర్ నుంచి వచ్చేది. క్యాంపస్ గోడ దాటితే వాళ్ల ఇల్లే. వాళ్లమ్మ ఆడపిల్లల హాస్టల్ మెస్‌లో వంట చేసేది. అంతకుముందు ఆమె తార్నాకలో ఎవరింట్లోనో వంటకు కుదిరినప్పుడు, ఆ ఇంటి పెద్దావిడ ఈ పిల్లకు సరళీ స్వరాలు నేర్పిందట. ఇల్లు మారేటప్పుడు తన వీణ కూడా ఇచ్చేసి వెళ్లిందట. ఆ వీణతోనే మాకు తలనొప్పి మొదలైంది.

వీణ తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. వీణకు ఇరవై నాలుగు మెట్లుంటాయి, ఇత్తడివి. వాటిని మేకులు కొట్టి బిగించరు, నల్ల మైనంలో కూర్చోబెడతారు. ఒక్కో మెట్టునూ చెవితో విని, స్వరం కుదిరిన చోట నిలపాలి. దాన్నే మేళం కట్టడం అంటాం. మైనం గట్టిగా ఉన్నంతకాలం మెట్టు మాట వింటుంది. మెత్తబడితే జారుతుంది, వేలు పెట్టిన చోట గాంధారం పలకదు, ఇంకేదో పలుకుతుంది.

ఆ పిల్ల వీణకు మేళం నిలిచేది కాదు. ఇవాళ కట్టిస్తే పది రోజులు తిరక్కుండా మెట్లన్నీ వంకరపోయేవి.

"మేడం, మళ్ల జారింది" అనేది గుమ్మంలో నిలబడి.

"ఏం చేస్తున్నావు దాన్ని? ఇంటికెళ్లి దాని మీద కూర్చుంటున్నావా?"

"లేదు మేడం. మంచిగనే చుట్టి పెడ్తున్న."

"మంచిగా పెడితే ఎందుకు జారుతుంది?"

క్లాసులో మిగతావాళ్లు కిసుక్కుమనేవాళ్లు. నేను వాళ్లను ఊరుకోమనేదాన్ని కాదు. అప్పటికి ఆ పిల్ల మీద నాకు కోపమేమీ లేదు, ఉన్నదల్లా చులకన.

మంట మొదలైంది మూడో ఏడాది. ఒకరోజు మధ్యాహ్నం పరిపాలనా భవనానికి వెళ్లి తిరిగి వస్తున్నాను. మా వరండాలో హెడ్డుగారు నిలబడి ఉన్నారు. గాత్రం మాస్టారు ఆయన. ఇక్కడి మనిషే, నాకన్నా రెండేళ్లు చిన్న. మంచివాడే కానీ మెచ్చుకోవడంలో మహా పిసినారి. ఇరవై ఆరేళ్లలో నా వీణ గురించి ఆయన అన్న పెద్ద మాట "బాగున్నది మేడం" అని. అలాంటి మనిషి క్లాసు గది తలుపు బయట, చేతిలో టీ కప్పుతో, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. టీ మీద మీగడ కట్టింది.

లోపల ఎవరో వీణ మీద తోడి రాగం వాయిస్తున్నారు. గాంధారాన్ని కింది మెట్టు మీంచి లాగి, నిలిపి, ఊపి, మళ్లీ ఎక్కడినుంచి వచ్చిందో అక్కడికే తీసుకెళ్లి వదులుతున్నారు. నేను కూడా నిలబడిపోయాను. బయటి ఊరి విద్వాంసులు ఎవరో వచ్చారనుకున్నాను.

"ఎవరండీ లోపల?" అన్నాను మెల్లగా.

ఆయన కళ్లు తెరవకుండానే చెయ్యెత్తి నన్ను ఊరుకోమన్నారు. నా విభాగంలో, నా వాద్యం వినిపిస్తుంటే, నన్ను ఊరుకోమన్నారు. ఆలాపన అయ్యాక కళ్లు తెరిచి, "మీ స్టూడెంటే మేడం" అన్నారు. "తోడి గాంధారం ఇన్నరా? గట్ల విని ఎన్నేండ్లయిందో."

నా గది అక్కడికి మూడు గుమ్మాల అవతల. ప్రతి రోజూ పొద్దున పది గంటలకు నేను అక్కడ వీణ వాయిస్తాను. ఎన్నేళ్లయిందో అన్నప్పుడు ఆ ఏళ్లలో నేనూ ఉన్నాను కదా.

ఆయన అక్కడితో ఆగలేదు. "మేడం, జర మీ గదిలున్న వీణ ఆ పిల్లకియ్యుండ్రి, పరీక్ష దాక. ఆ డొక్కు వీణతోటి పరేషాన్ అయితున్నది."

"ఉన్న వాద్యాన్ని పరీక్షించకుండా ఎలా మారుస్తామండీ? ఒక పద్ధతంటూ ఉందిగా."

"అట్లనే చూసి రాయుండ్రి. మీరెట్లంటే అట్ల."

ఆ పిల్లకు ఆ పరీక్ష ఎంత ముఖ్యమో నాకు తెలుసు. చివరి సంవత్సరం ప్రాక్టికల్‌లో ఫస్ట్ క్లాస్ వస్తే పీజీలో సీటు, దానితో పాటు ఉపకార వేతనం, హాస్టల్ గది. రాకపోతే తార్నాకలో ఒక బట్టల షోరూంలో సేల్స్ గర్ల్ ఉద్యోగం. వాళ్లమ్మ అప్పటికే మాట్లాడి ఉంచింది. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిదిదాకా నిలబడి చీరలు విప్పి చూపించే పిల్ల ఇంకెప్పుడు వీణ పట్టుకుంటుంది? ఇవన్నీ తెలిసే నేను ఆ వీణను పరీక్షించడానికి కూర్చున్నాను.

కాచిగూడలో వీణలు, తంబురాలు బాగుచేసే ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన్ను పిలిపించి ఆ పిల్ల వీణకు కొత్తగా మేళం కట్టించాను. మూడు రోజులు నా గదిలోనే ఉంచుకుని వాయించాను. రాతి గోడల మధ్య, ఫ్యాన్ కింద, మెట్లు బుద్ధిగా కూర్చున్నాయి. మూడో రోజు మధ్యాహ్నం కిటికీలోంచి ఎండపొడ వచ్చి వీణ మీద పడింది. ఎంతసేపని, పావుగంట. వాయిస్తుంటే ఏడో మెట్టు నా వేలి కింద కొంచెం కుంగింది.

నేనేం చేశానో చెబుతాను. వాయించడం ఆపాను. లేచి కిటికీ పరదా లాగాను. బొటనవేలితో మెట్టును మళ్లీ దాని చోటికి నెట్టి, మైనం గట్టిపడేదాకా ఆగాను. తర్వాత వాయించాను, సరిగ్గానే పలికింది. అప్పుడు కాగితం తీసి రాశాను: "వాద్యమును మూడు దినములు పరీక్షించడమైనది. లోపము లేదు. శ్రుతి తప్పుటకు కారణము విద్యార్థిని అజాగ్రత్త, సాధనలోపము. మార్చవలసిన అవసరము లేదు." కింద సంతకం చేశాను. చేతిరాత ఆ రోజు ముత్యాల్లా కుదిరింది.

హెడ్డుగారు చదివి తల ఊపారు. పిల్లకు సంగతి చెప్పారు. ఆ పిల్ల నా గదికి వచ్చి వీణ తీసుకుంటూ, "ఇంక మంచిగ చూసుకుంట మేడం" అంది. నేను తల కూడా ఎత్తలేదు.

రెండు వారాలకు మేళం మళ్లీ జారింది. కాచిగూడ పెద్దాయన మళ్లీ వచ్చాడు. ఈసారి ఆయన పనిముట్ల సంచి విప్పలేదు. వీణను అటూ ఇటూ తిప్పి చూసి నా గదిలో కింద కూర్చున్నాడు.

"మేడం, ముప్పై ఏండ్ల సంది మేళం కడ్తున్న. మైనంల తప్పు లేదు, నా చేతిల తప్పు లేదు. ఈ వీణ ఏడుంటదో ఎవరన్న చూసిన్రా?"

"ఇంట్లో ఉంటుంది. ఇంకెక్కడుంటుంది?"

"ఇల్లంటే ఎట్లాంటి ఇల్లు? వేడి జాగల ఉంటే ఎంత మంచి వీణైనా గింతే మేడం. కొత్తదిచ్చినా గిట్లనే అయితది. ముందు అది ఉండే జాగ మార్చాలె."

మొదటి రోజు పాఠంలోనే పిల్లలందరికీ చెబుతాను, వీణను ఎండకు పెట్టకూడదని. ఇరవై ఆరేళ్లుగా చెబుతూనే ఉన్నాను. మీ ఇంట్లో ఎక్కడ పెడతావమ్మా అని ఒక్కరినీ అడగలేదు. మా ఇళ్లలో వీణకు లోపలి గది ఉంటుంది, దానికి ఒక మూల ఉంటుంది, అందరి ఇళ్లూ అలాగే ఉంటాయనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం మాణికేశ్వర్ నగర్ వెళ్లాను. జాలిపడి వెళ్లానని అనుకోకండి. పొయ్యి పక్కనో, గుమ్మంలో ఎండలోనో వీణ పడేసి ఉంటుందని, కళ్లతో చూసి, నేను రాసింది నిజమేనని తేల్చుకుందామని వెళ్లాను. దొరికిపోతావే పిల్లా అనుకుంటూ ఆ ఎండలో చెమటలు కక్కుతూ నడిచాను.

ఒకటే గది. పైన రేకులు. లోపల అడుగు పెట్టగానే మొహానికి ఆవిరి కొట్టినట్టయింది. వాళ్లమ్మ మధ్యాహ్నం వంట ముగించి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, నన్ను చూసి గాభరాగా లేచింది. "రాండ్రి మేడం, కూసోండ్రి" అంటూ పీట వేసింది. పిల్ల కింద చాప మీద ఉంది. ఇంట్లో ఉన్న ఒక్క మంచం మీద వీణ ఉంది. దాని చుట్టూ తడి చీర చుట్టి ఉంది. ఉన్న ఒక్క టేబుల్ ఫ్యాన్ వీణ వైపు తిరిగి ఉంది. తల్లీకూతుళ్లిద్దరి జాకెట్లూ చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయి ఉన్నాయి.

"ఫ్యాను అటెందుకు పెట్టారమ్మా?" అన్నాను.

"వీణకు మేడం" అంది తల్లి. "పగటి పూట మైనం కరుగుతదంట. గాలి తాకుతుంటే జర ఆగుతది. మనుషులకేమున్నది, ఓర్సుకుంటం."

పిల్ల వైపు తిరిగాను. "ఈ మాట ముందే నాకెందుకు చెప్పలేదు?"

"మీరు ఎండకు పెట్టొద్దన్నరు కద మేడం. నేను పెట్టలే. ఇల్లే గిట్లుంటది."

ఏదో ఒకటి అనాలి కాబట్టి వాయించమన్నాను. ఆ పిల్ల తడి చీర విప్పి వీణ ఒడిలో పెట్టుకుంది. మెట్ల వంక చూడలేదు. తోడి మొదలుపెట్టింది. ప్రతి స్వరాన్నీ కింది మెట్టు మీంచి తీగ లాగి వెతికి పట్టుకుంటోంది.

"మెట్టు మీద నేరుగా ఎందుకు నొక్కవు?"

"ఏ మెట్టు ఏడుంటదో నమ్మకం లేదు మేడం. అందుకే ముందు చెవిల పెట్టుకుంట, తర్వాత తీగ గుంజుత."

అదీ సంగతి. హెడ్డుగారు టీ చల్లార్చుకుని విన్న గాంధారం అబద్ధమాడే మెట్ల మధ్య పుట్టింది. నేను మంచి వీణ మీద, నమ్మకమైన మెట్ల మీద, హాయిగా వేళ్లు పెట్టుకుంటూ పోయాను. ఈ పిల్ల ప్రతి స్వరాన్నీ కష్టపడి సంపాదించుకుంది. సిగ్గుపడాల్సిన చోట నాకు మళ్లీ కుళ్లే పుట్టింది. నాకు రేకుల ఇల్లు లేకపోయిందే అని కూడా ఒక క్షణం అనుకున్నాను, అంత పాడుబుద్ధి.

తిరిగి వస్తూ దారిలో ఆ పాడుబుద్ధికి పట్టుచీర కట్టాను. మర్నాడు హెడ్డుగారితో అన్నాను, "ఆ వీణ వల్లే ఆ పిల్లకు అంత చెవి వచ్చిందండీ. ఇప్పుడు మారిస్తే చెడిపోతుంది. నా మాట నమ్మండి, అలాగే వదిలేద్దాం." రేకుల సంగతి చెప్పలేదు. ఆయన, "మీకు అనుభవం ఉన్నది మేడం" అన్నారు. చూశారా, వయసు మళ్లాక అసూయ కూడా అనుభవంలాగే మాట్లాడుతుంది. జాగ్రత్తగా ఉండండి.

నిజానికి నాకు తెలుసు, ఆ వీణతో ఆలాపన గట్టెక్కుతుంది కానీ వర్ణం గట్టెక్కదు. వర్ణం అంటే స్వరాలు ముందే కట్టి ఉన్న రచన, దాన్ని రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంతో వాయించాలి. ఆ వేగంలో ఒక్కో స్వరాన్నీ లాగి వెతుక్కునే వ్యవధి ఉండదు, వేలు పడ్డ చోట మెట్టు ఉండి తీరాలి. చల్లటి చోట ఉంచిన వీణ ఒక నెల ముందు చేతికొస్తే చాలు. మా భవనంలో వీణ ఉంచి తాళం వేసుకునే గది ఒక్కటే ఉంది, నాది. వీణ ఇవ్వడమంటే గది కూడా ఇవ్వడమే. నేను ఇవ్వలేదు.

పరీక్ష ఏప్రిల్ చివర్లో. బయటి ఊరి నుంచి ఒక వీణ విదుషి పరీక్షకురాలిగా వచ్చారు. పక్కన నేను. ఆ పిల్ల వీణను ఎండలో ఆటోలో తెచ్చారు, తడి చీర చుట్టి. తోడి ఆలాపన మొదలుకాగానే పరీక్షకురాలు కుర్చీలో ముందుకు జరిగారు. తర్వాత ఆమె వర్ణం అడిగారు. మొదటి కాలం ఎలాగో అయింది. రెండో కాలంలో మెట్లు ఒక్కొక్కటే మోసం చేశాయి. ఆ పిల్ల ఆపి, మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అంతే. గదిలో అపస్వరాలు గాజుపెంకుల్లా రాలాయి.

పరీక్షకురాలు నా వైపు వంగి, "స్వరస్థానాలు నిలవడం లేదు. లోపం వాద్యంలోనా, వాయించడంలోనా?" అని అడిగారు.

ఆ పిల్ల తలెత్తి నన్ను చూసింది. ఆ చూపులో ఫిర్యాదు లేదు. నేనేం చెప్తే అదే నిజమన్నట్టు చూసింది.

"వాద్యం మేం పరీక్షించామండీ. బాగానే ఉంది" అన్నాను.

ఆమె తల ఊపి మార్కులు వేశారు.

బయటికి వచ్చాక ఆ పిల్ల వీణకు చీర చుడుతూ, "సారీ మేడం. మీ పేరు ఖరాబు చేసిన" అంది. వాళ్లమ్మ మెట్ల దగ్గర నిలబడి ఉంది. మెస్‌లో పని మధ్యలో వచ్చినట్టుంది, చేతులకు ఇంకా పసుపు ఉంది. "ఎట్ల వాయించింది మేడం? ఫస్ట్ అస్తదా? రాకుంటె సోమారం సంది షోరూమ్ల చేరుతది. ఓనరు జాగ ఆపి పెట్టిండు" అంది. చూద్దాం అమ్మా అని తప్పించుకున్నాను.

ఇప్పుడు చెప్పబోయేది రాయడానికే నాకు అన్నిటికన్నా కష్టంగా ఉంది. ఆ సాయంత్రం నేను సంతోషంగా ఉన్నాను. గుండె మీద బరువేదో దిగినట్టుంది. తార్నాకలో కూరగాయలు కొన్నాను, చిక్కుళ్లు లేతగా ఉన్నాయని అరకిలో ఎక్కువ తీసుకున్నాను. ఇంట్లో బల్ల దగ్గర కూర్చుని ఈనెలు తీస్తూ కూనిరాగం కూడా తీశాను.

మా ఆయన రిటైరైన సైంటిస్టు. సంగీతం రాదు. కానీ ముప్ఫై ఏళ్లుగా నా సాధన విని విని ఆయనకు చెవి మాత్రం వచ్చింది. పేపరు మడిచి అన్నారు, "ఆ గాంధారం కొత్తగా ఉందే. నువ్వు ఇలా పాడవు. ఎవరి దగ్గర నేర్చుకున్నావు?"

చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. నేను పాడుతున్నది తోడి. గాంధారాన్ని కిందినుంచి లాగి, నిలిపి, ఊపి, వచ్చిన చోటికే వదులుతున్నాను. అచ్చం ఆ పిల్లలాగా. వినకూడదనుకుంటూనే ఎన్నిసార్లు విన్నానో, నాకే తెలియకుండా నా గొంతు ఆ పిల్ల దగ్గర పాఠం చెప్పించుకుంది. పొద్దున నేను ఏ విద్యను తొక్కేశానో, సాయంత్రం దాన్నే దొంగిలించి కూనిరాగం తీస్తున్నాను. మా ఆయన ఏమైందని అడిగారు. "నేను చాలా నీచమైన పని చేశానండీ" అన్నాను. ఆ మాట పైకి అన్నాక ఏడుపు ఆగలేదు.

మర్నాడు పొద్దున్నే హెడ్డుగారి గదికి వెళ్లాను. పరీక్ష మళ్లీ పెట్టించమన్నాను.

"వాద్యంల లోపం ఉంటేనే మళ్ల పెట్టొచ్చు మేడం. మీరే లేదని రాసిన్రు కద. ఇప్పుడు ఉన్నదంటే ఏమనాలె? అప్పుడు చూడలేదనా?"

"చూశాను. ఏడో మెట్టు నా వేలి కిందే కుంగింది. కిటికీ పరదా వేసి, లేదని రాశాను. ఇప్పుడు అలాగే రాసిస్తాను."

ఆయన చేతిలో కలం పక్కన పెట్టారు. "ఎందుకు మేడం?"

"ఓర్వలేక" అన్నాను.

తెల్లకాగితం తీసి నా ముందు పెట్టారు. "రిటైర్మెంటుకు ఏడాది గూడ లేదు మీకు. ఆలోచించుకోండి" అని మాత్రం అన్నారు. నేను రాశాను. ఈసారి చేతిరాత కోడి కెలికినట్టు వచ్చింది. ఆ రోజే షోరూంకు ఫోన్ చేసి ఒక నెల ఆగమనమని వాళ్లమ్మతో చెప్పాను.

ఆ కాగితం ఎక్కడెక్కడికి వెళ్లిందో నాకు తెలియదు కానీ, వారంలో వరండా అంతటికీ తెలిసిపోయింది. వాద్యాల బాధ్యత నా నుంచి తీసేసి ఒక కుర్ర లెక్చరర్‌కు ఇచ్చారు. నేను వస్తుంటే స్టాఫ్ రూంలో మాటలు ఆగిపోయేవి. అటెండరు కూడా "మేడం వీణ" అనడం మానేశాడు. బాధపడ్డాను, అబద్ధం ఎందుకు. పరీక్ష మాత్రం మళ్లీ ఖాయమైంది, మే చివర్లో.

నా గది తాళంచెవి నేనే ఆ పిల్ల చేతిలో పెట్టాను. పొద్దున ఆరు నుంచి సాయంత్రందాకా ఆ గదిలో, బొబ్బిలి వీణ మీద సాధన. మొదటి వారం ఘోరంగా వాయించింది. మెట్లు సరిగ్గా ఉన్నా అలవాటు కొద్దీ తీగ లాగేది, ప్రతి స్వరం పైకి ఎగిరిపోయేది.

"లాగకు. మెట్టు దాని చోటే ఉంది, వేలు పెట్టు చాలు."

"నమ్మబుద్ధి అయితలేదు మేడం."

నా వీణ ఆ పిల్ల మాట వినడం లేదని నాలో ఒక మూల ఆ వారం రోజులూ పండగే. కాగితం రాసిచ్చినంత మాత్రాన బుద్ధి మారిపోతుందని మీకెవరైనా చెబితే నమ్మకండి. బుద్ధి ఏడుస్తుంటే ఏడవనిచ్చి, రోజూ ఎదురుగా కూర్చుని పాఠం చెప్పాను. మూడో వారానికి వేలు మెట్టును నమ్మింది.

రెండోసారి పరీక్షలో నేను లోపల లేను, ఉండనివ్వరు కూడా. తలుపు బయట వరండాలో నిలబడ్డాను. పక్కన హెడ్డుగారు, చేతిలో టీ కప్పు. తోడి అయింది, వర్ణం మొదలైంది. రెండో కాలంలో ఒక్క స్వరం కూడా తడబడలేదు. చరణంలోకి వచ్చేసరికి ఆ వీణ కింది స్థాయిలో, మంద్రంలో, ఎలా మోగిందంటే, నేను దాన్ని ఇరవై ఆరేళ్లు ఒడిలో పెట్టుకున్నాను, దానికి అంత గొంతు ఉందని నాకు తెలియదు. నా దగ్గర ఎప్పుడూ అలా పలకలేదు. హెడ్డుగారు నా వైపు తిరిగి ఏదో అనబోయారు. చెయ్యెత్తి ఊరుకోమన్నాను.

పిల్ల బయటికి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. నేరుగా నా దగ్గరికి వచ్చి, "ఎట్లుండె మేడం?" అంది.

గొంతులో ఉన్న మాట ఒకటి. నోట్లోంచి వచ్చింది ఇంకొకటి. "చరణం ఎత్తుగడలో కొంచెం తొందరపడ్డావు" అన్నాను.

"అవునా మేడం" అని ఆ పిల్ల తల ఊపింది. మళ్లీ నా గదిలోకి వెళ్లి ఆ ఎత్తుగడను పదిసార్లు వాయించుకుంది.

ఫస్ట్ క్లాస్ వచ్చింది. పీజీ చేసింది. రేకుల ఇంటి నుంచి హాస్టల్ గదికి, అక్కడినుంచి తన కచేరీలకు వెళ్లింది. పోయిన నెల కూడా విన్నాను. అదే వర్ణం వాయించింది. చరణం దగ్గరికి వచ్చేసరికి ఇప్పటికీ ఒక్క క్షణం సందేహిస్తుంది, ఎవరో పట్టి ఆపినట్టు. వినేవాళ్లకు తెలియదు. నాకు తెలుస్తుంది, ఆ పట్టుకున్న చెయ్యి నాది కాబట్టి.

నువ్వు ఇది చదువుతావని తెలిసే రాస్తున్నాను. ఆ రోజు నువ్వు తొందరపడలేదమ్మా. ఎక్కడా తొందరపడలేదు.